రైలెక్కే సైకిల్

రైలు బోగీలోకి మనతోపాటు తెచ్చుకునే పెట్టెకి రైల్వేవాళ్లు ఒక కొలత పెట్టారు: పొడవు 100, వెడల్పు 60, మందం 25 సెంటీమీటర్లు. థర్డ్ ఏసీ, ఏసీ చైర్‌కార్లలో దాన్ని ఇంకా బిగించి 55, 45, 22.5 చేశారు. అంతకు మించింది బ్రేక్‌వ్యాన్‌లోకి పోవాలి. మామూలు సైకిలైతే పార్సిల్ ఆఫీసులో రాయించి, గోనెపట్టా చుట్టించి, మనం దిగిన స్టేషన్లోనే అదీ దిగిందో లేదో చూసుకోవాలి.

దూరప్రయాణానికి మడత సైకిల్ కొనాలనుకునేవాళ్లు గేర్లు, బరువు, ధరల కంటే ముందు టేపు పట్టుకుని ఈ కొలతల దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మడత ఊరికే రాదు. సైకిల్ నడకలోంచి ఎంతో కొంత వదులుకుంటేనే వస్తుంది. ఎంత వదులుకోవచ్చన్నది ఆ మడతతో మీకెంత పని పడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పొద్దున రైలు, మధ్యాహ్నం బస్సు, రాత్రి లాడ్జిలో మూడో అంతస్తు గది, ఇలా రోజుకు నాలుగైదుసార్లు మడిచేవాళ్లకి నప్పేది ఒకటి. విమానం దిగాక విప్పి, నెలరోజులు తొక్కి, మళ్లీ విమానం ఎక్కేటప్పుడు మడిచేవాళ్లకి నప్పేది ఇంకొకటి. అసలు ఎక్కడా ఏ బండీ ఎక్కకుండా ఇంటి గుమ్మం నుంచి తొక్కుకుంటూ పోయి తొక్కుకుంటూ వచ్చేవాళ్లు ఈ అధ్యాయం ఇక్కడితో ఆపేసి, నిక్షేపంలాంటి మామూలు టూరింగ్ సైకిల్ కొనుక్కోవచ్చు.

రోజూ మడిచే రకానికి అందరూ చూపించే ఉదాహరణ బ్రాంప్టన్. కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివిన ఆండ్రూ రిచీ 1970ల మధ్యలో లండన్‌లో తన ఫ్లాట్లోనే దీని నమూనాలు కట్టాడు. దాని తెలివంతా వెనక చక్రంలో ఉంది. సైకిల్‌ని కొంచెం ఎత్తి ఊపితే వెనక చక్రం ఫ్రేము కిందికి దొర్లుకుంటూ వచ్చేస్తుంది. ఆ తర్వాత ముందు సగం తిరిగి దాని పక్కన చేరుతుంది. చైను రెండు చక్రాల నడుమ దాగిపోతుంది కాబట్టి చంకన పెట్టుకున్నా చొక్కాకి గ్రీజు అంటదు. మడిచిన కట్ట సుమారు 58 × 56 × 27 సెంటీమీటర్లు. రైల్వేవాళ్ల 25కి రెండు సెంటీమీటర్లు ఎక్కువే, కానీ సీటు కిందికి పోయే వస్తువుని టీసీ స్కేలు పెట్టి కొలుస్తాడని నేననుకోను. థర్డ్ ఏసీ కొలతకి మాత్రం ఇది కూడా ఏ మూలా సరిపోదు. లండన్ మెట్రోలో రద్దీ వేళ మామూలు సైకిల్‌ని రానివ్వరు, మడిచిన సైకిల్‌ని ఎప్పుడైనా రానిస్తారు. ఆ సౌకర్యానికి అచ్చంగా నప్పే సైకిల్ ఇది.

దాహోన్, టెర్న్ లాంటి కంపెనీల 20 అంగుళాల చక్రాల సైకిళ్లు మడిస్తే సుమారు 80 × 65 × 40 అవుతాయి. రైల్వే కొలతకి మించినవే, సీటు కింద పట్టవు. టీసీ ఊరుకుంటే జనరల్ బోగీలో తలుపు పక్కన నిలబెట్టాలి, లేదా బస్సు డిక్కీలో పడెయ్యాలి. పూర్తిగా విప్పి సూట్‌కేసులో సర్దేవి ఇంకో తెగ. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని యూజీన్ పట్నంలో తయారయ్యే బైక్ ఫ్రైడే వీటిలో పేరున్నది. దీని టూరింగ్ నమూనాలో ప్రధాన గొట్టం మధ్యలో కీలు ఉండదు, వెనక త్రికోణమే కిందికి మడుచుకుంటుంది. చాలా విమాన కంపెనీలు చెకిన్ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తుల మొత్తాన్ని 158 సెంటీమీటర్ల దగ్గర, బరువుని 23 కిలోల దగ్గర ఆపుతాయి. ఈ సైకిల్ ఆ లెక్కలో ఇముడుతుంది. ఫ్రేము గొట్టాలని మరతో విప్పి రెండు ముక్కలు చేసే పెద్ద చక్రాల సైకిళ్లు కూడా ఇముడుతాయి: 26 × 26 × 10 అంగుళాల పెట్టెలో గాలి తీసేసిన పెద్ద చక్రం సరిగ్గా పడుతుంది, కలిపితే 62 అంగుళాలు, అంటే ఆ 158 సెంటీమీటర్లే. కాకపోతే దాన్ని విప్పి బిగించడానికి ఒక పూట పోతుంది. రోజూ చేసే పని కాదు.

ఇక చక్రం సంగతి. చిన్న చక్రం పిల్లల సైకిల్‌కే అన్న నమ్మకాన్ని మొదట గట్టిగా కదిలించినవాడు అలెక్స్ మౌల్టన్. ఇంగ్లండులో రబ్బరు వ్యాపారం ఉన్న కుటుంబంలో పుట్టి, 1959లో వచ్చిన మినీ కారుకి రబ్బరు సస్పెన్షన్ చేసిచ్చిన ఇంజనీరు. 1956లో సూయజ్ గొడవతో పెట్రోలుకి రేషను పెట్టినప్పుడు సైకిల్ గురించి మళ్లీ మొదటినుంచీ ఆలోచించడం మొదలుపెట్టాడు. 1962లో బయటికి తెచ్చిన సైకిల్‌కి 16 అంగుళాల చక్రాలు, లోపల గట్టిగా కొట్టిన గాలి, ముందూ వెనకా సస్పెన్షన్. అది మడుచుకోదు. కానీ చిన్న చక్రంతో వేగంగా పోవచ్చని అది చూపించింది. దానికి పోటీగా రాలీ కంపెనీ 1965లో ఆర్‌ఎస్‌డబ్ల్యూ 16 తెచ్చింది. సస్పెన్షన్ ఖర్చు తప్పించుకోవడానికి లావాటి మెత్తటి టైర్లు వేసి, గాలి తక్కువ పెట్టింది. కూర్చోవడానికి హాయిగానే ఉండేది, తొక్కితే మాత్రం ఈడ్చుకుంటూ పోయేది. పైకి చూస్తే రెండూ చిన్న చక్రాల సైకిళ్లే.

ఎందుకింత తేడా? బరువు పడ్డ చోట టైరు కొంచెం చదునవుతుంది, చక్రం తిరిగి ఆ చోటు పైకి వెళ్లగానే మళ్లీ గుండ్రమవుతుంది. రబ్బరు అణిగినప్పుడు మింగిన శక్తినంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. ఆ వేడికి కావలసిన శక్తి మన కాళ్ల నుంచి వచ్చేదే. చక్రం చిన్నదయ్యేకొద్దీ అదే బరువుకి టైరు ఇంకొంచెం లోతుగా అణగాలి, కాబట్టి నష్టం పెరుగుతుంది. కానీ పల్చటి, సాగే గుణమున్న మంచి టైరుకీ, మొద్దు రబ్బరు టైరుకీ మధ్య తేడా ఈ చక్రం తేడా కంటే పెద్దది. నున్నటి తారురోడ్డు మీద మంచి టైరు వేసిన 20 అంగుళాల చక్రం, నాసిరకం టైరు వేసిన పెద్ద చక్రాన్ని సులువుగా దాటిపోతుంది. గాలి నిరోధం సంగతి సరేసరి. అది చూసేది మన ఒంటినీ సంచుల్నీ, చక్రాల్ని కాదు.

గతుకుల దగ్గర కథ మారుతుంది. రోడ్డు మీద 20 సెంటీమీటర్ల వెడల్పు గుంత ఉందనుకోండి. పెద్ద చక్రం, అంటే టైరుతో కలిపి 34 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్నది, దాని అంచుల మధ్య ఒకటిన్నర సెంటీమీటరు దిగుతుంది. 20 అంగుళాలది రెండుకి పైగా దిగుతుంది. 16 అంగుళాల బ్రాంప్టన్ చక్రం రెండున్నర. అలాగే 3 సెంటీమీటర్ల ఎత్తున్న రాతి అంచుకి ముందు ఆగిన చక్రాన్ని ఎక్కించాలంటే దాని మీద ఉన్న బరువులో పెద్ద చక్రానికి 45 శాతం, 20 అంగుళాలదానికి 55, బ్రాంప్టన్‌కి 60 శాతం బలంతో ముందుకు నెట్టాలి. ఇదంతా స్కూలు జామెట్రీయే. రోజంతా తొక్కితే ఇది భుజాల్లో, మణికట్టులో తెలుస్తుంది. ఇసకలో, కంకరలో ఇంకా తెలుస్తుంది. అందుకే మన జిల్లా రోడ్ల మీదికి మడత సైకిల్ తెచ్చేవాళ్లు 50 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేము చూసుకోవాలి. 28 మిల్లీమీటర్ల టైరు మాత్రమే పట్టే సైకిల్ షోరూములో ఎంత నాజూగ్గా కనిపించినా వదిలెయ్యండి.

చిన్న చక్రం చుట్టుకొలత తక్కువ కాబట్టి ఎక్కువసార్లు తిరగాలి. పెద్ద చక్రం కిలోమీటరుకి 465 చుట్లు తిరిగితే 20 అంగుళాలది 650 దాటుతుంది. టైరు ఆ లెక్కనే అరుగుతుంది, హబ్బులో బాల్సు కూడా. ఈ తక్కువ చుట్టుకొలతే ఘాట్ రోడ్డులో వరమయ్యే వైపు ఒకటుంది. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిల్ ఎంత దూరం కదులుతుందో లెక్కేయండి. ముందు పళ్లచక్రానికి 52 పళ్లు, వెనక పెద్ద పళ్లచక్రానికి 32 పళ్లు ఉన్న 20 అంగుళాల సైకిల్‌కి అతి తేలిక గేరులో 2.5 మీటర్లు. ఊళ్లో తిరగడానికి చాలు. వంద కిలోల బరువుతో, అంటే మనిషి, సైకిల్, సామాను అన్నీ కలిపి, 7 శాతం ఎక్కుడు నిమిషానికి 60 పెడళ్లతో ఎక్కాలంటే ఎత్తుకే 170 వాట్లు కావాలి. గంటసేపు అంత ఇవ్వడం మామూలు ఆరోగ్యవంతుడి వల్ల కాదు. ముందు 52 తీసేసి 39 వేయించండి. దూరం 1.86 మీటర్లకి తగ్గుతుంది, వాట్లు 128కి దిగుతాయి. గంటకి 6.7 కిలోమీటర్ల వేగంతో, పక్కన మేకలు కాసేవాళ్లతో కబుర్లాడుతూ ఎక్కొచ్చు. పోగొట్టుకునేది ఏమిటంటే పైగేరు: 11 పళ్ల మీద నిమిషానికి 80 పెడళ్లతో గంటకి 26 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతారు. సామాను వేసుకుని దూరం పోయేవాడికి అంతకంటే ఎందుకు? మడత సైకిళ్లు కొత్తలో ఎక్కువగా ఊరి గేర్లతో వస్తాయి. ఈ ఒక్క పళ్లచక్రం మార్పుతో వచ్చే లాభం వేలు పోసి ఫ్రేము బరువు కిలో తగ్గించుకున్నా రాదు.

గేర్లు వెనక హబ్బు లోపలే ఉండే రకం మంచిదా, బయట చైనుని పక్కకి నెట్టే డిరైలర్ రకం మంచిదా అన్న చర్చ సైక్లిస్టులు రాత్రంతా చేస్తారు. చిన్న చక్రం విషయంలో నాకు హబ్బు వైపే మొగ్గు. 20 అంగుళాల చక్రంలో డిరైలర్ నేలకి జానెడు ఎత్తులో కూడా ఉండదు. గడ్డి, బురద, రాళ్లు దానికే తగులుతాయి, మడిచి రైల్లో పెట్టినప్పుడు పక్కవాళ్ల సూట్‌కేసూ దానికే తగులుతుంది. జర్మనీ రోలోఫ్ హబ్బులో 14 గేర్లు, అతి తేలికదానికీ అతి బరువైనదానికీ మధ్య 526 శాతం వ్యాప్తి. దాని ధరకి ఇక్కడ ఒక మంచి సైకిల్ వస్తుంది కాబట్టి చాలామందికి ఆ చర్చ అక్కడితో ముగుస్తుంది.

ఎక్కినవాడు దిగాలి. విశాఖపట్నం నుంచి పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలు శృంగవరపుకోట దాటాక తూర్పు కనుమల్లోకి ఎక్కుతూ సొరంగాల్లోంచి దూరుతుంది. ఆ దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. మడత సైకిల్‌తో ఆ రైలెక్కి అరకులో దిగి, అనంతగిరి మీదుగా ఘాట్ రోడ్డులో మైదానానికి తిరిగి రావడం మన ప్రాంతంలో ఈ యంత్రానికి అచ్చంగా సరిపోయే ప్రయాణం. ఎక్కే కష్టం చాలావరకు రైలుది, దిగే సుఖం మనది. కానీ ఆ సుఖాన్ని బ్రేకులు మొయ్యాలి. 7 శాతం వాలులో వంద కిలోలు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే భూమ్యాకర్షణ 380 వాట్ల చొప్పున శక్తి పోస్తూ ఉంటుంది. గాలి, టైర్లు మింగింది పోగా దాదాపు 300 వాట్లు బ్రేకుల్లో వేడవుతుంది. పాతకాలం వంద వాట్ల బల్బులు మూడు రిమ్ముల్లో వెలుగుతున్నట్టు. రిమ్ము పట్టే బ్రేకులైతే ఈ వేడంతా రిమ్ములోకే పోతుంది, దాని లోపలే ట్యూబు ఉంది. 20 అంగుళాల రిమ్ములో లోహం, గాలి తగిలే ఉపరితలం పెద్దదాని కంటే మూడో వంతుకి పైగా తక్కువ. అందుకని తొందరగా కాలుతుంది. బ్రేకు అదేపనిగా ఒరిపిస్తూ దిగకుండా గట్టిగా పట్టి వదిలి, మళ్లీ పట్టి వదలాలి. మలుపు దగ్గర ఆగి నాలుగు చుక్కల నీళ్లు రిమ్ము మీద చల్లి చూడండి. చుయ్‌మంటే టీ తాగే వేళయిందన్నమాట. కొండదారులే మీ ఇష్టమైతే డిస్క్ బ్రేకులున్న సైకిల్ తీసుకోండి. అక్కడ వేడి డిస్కు దగ్గరే ఉండిపోతుంది, ట్యూబు జోలికి పోదు.

చిన్న చక్రాల సైకిల్ మొదటిసారి ఎక్కినవాళ్లు హ్యాండిల్ వణుకుతోందంటారు. చక్రం తిరుగుడు బలం తగ్గడమే దానికి కారణమని చాలామంది చెబుతారు. అది కొంతవరకే. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తొక్కడానికి వీల్లేని సైకిల్ తయారుచేద్దామని పంతం పట్టి, ఒకదానికి ఆ తిరుగుడు బలాన్ని రద్దుచేసే రెండో చక్రం తగిలించాడు. అయినా అది నడిచింది. ఇంకోదానికి ముందు చక్రం బదులు బల్లల కింద బిగించే అంగుళం గిరక పెట్టాడు. అదీ నడిచింది, చిన్న గతుకు ఎదురైతే మాత్రం నిలబడిపోయేది. అతని లెక్కలో అసలు తేడా తెచ్చింది ట్రెయిల్. హ్యాండిల్ గొట్టం వాలుని అలాగే నేల దాకా పొడిగిస్తే తగిలే చోటుకీ, దాని వెనక టైరు నేలని తాకే చోటుకీ మధ్య దూరం అది. 72 డిగ్రీల వాలు, ఫోర్కుకి నాలుగున్నర సెంటీమీటర్ల ముందుకు వంపు ఉంటే పెద్ద చక్రానికి ట్రెయిల్ ఆరు సెంటీమీటర్లకి పైగా. అదే ఫోర్కుకి 20 అంగుళాల చక్రం వేస్తే మూడుకి పడిపోతుంది. ఫోర్కు వంపు రెండున్నరకి తగ్గిస్తే మళ్లీ ఐదు దాటుతుంది. మంచి డిజైనరు చేసేది అదే. కాబట్టి వణుకు చక్రం తలరాత కాదు, ఆ సైకిల్ ఎవరు ఎంత శ్రద్ధగా గీశారన్నదే.

సామాను కట్టే పద్ధతి కూడా హ్యాండిల్ మీద పడుతుంది. బ్రాంప్టన్ ముందు సంచి హ్యాండిల్‌కి కాదు, ఫ్రేముకి తగులుకుంటుంది. హ్యాండిల్ తిప్పినా సంచి కదలదు. పది కిలోలు ముందు పెట్టినా మలుపులో బరువు లాగదు. మిగతా సైకిళ్లకి వెనక కేరియరే గతి. సంచులు కట్టి కూర్చుని పెడలు తొక్కి చూడండి, మడమ సంచికి తగులుతుందేమో. పొట్టి సైకిళ్లలో ఇది తరచుగా వచ్చే ఇబ్బంది, షాపులో ఖాళీగా తొక్కితే బయటపడదు. కంపెనీ పుస్తకంలో 105, 110 కిలోల పరిమితి రాసి ఉంటుంది. అది మనిషికేనా, సామానుతో కలిపా అన్నది చదవకుండా డబ్బు కట్టొద్దు.

మామూలు సైకిల్ ఫ్రేము త్రికోణాలతో బలం తెచ్చుకుంటుంది. మడత సైకిల్‌కి చాలాసార్లు ఒక్క గొట్టమే గతి, అది వంగకుండా నిలబడాలి. గొట్టం గోడ మందం మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే వంగకుండా ఆపే బలం ఎనిమిది రెట్లవుతుంది. ఆ లావు గొట్టాలు అందం కోసం పెట్టినవి కావు. లేజర్ పరిశోధన వదిలి 1982లో దాహోన్ పెట్టిన డేవిడ్ హాన్ కంపెనీ కొన్ని నమూనాల్లో గొట్టం కింద ఉక్కు తీగ లాగి కట్టింది. అంటే మళ్లీ త్రికోణమే, దొంగదారిలో. కొత్త సైకిలైనా సెకండ్‌హ్యాండైనా ఇలా చూడండి: ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్‌ని ముందుకూ వెనక్కీ ఊపుతూ, ఇంకో చేతి వేలు మధ్య కీలు అతుకు మీద సగం ఇటు, సగం అటు ఆనించాలి. కీలులో వెంట్రుకవాసి కదలిక ఉన్నా వేలికి టక్కుమని తెలుస్తుంది. హ్యాండిల్ అడుగున ఉన్న కీలుకీ అదే పరీక్ష. అది ఇంకా ముఖ్యం, ఎక్కుడులో లేచి తొక్కేటప్పుడు మన బలమంతా ఆ పొడుగాటి కడ్డీ చివర నుంచి దాని మీదే పడుతుంది.

ఇన్ని చూశాక కూడా నా ఓటు మన రోడ్లకి 20 అంగుళాలకే. కారణం టైరు. టైరు పక్కన అచ్చు వేసిన అంకెల్ని దగ్గరగా చూడండి. 20 × 1.75 అనో 20 × 2.125 అనో ఉంటే దాని పక్కనే చిన్న అక్షరాల్లో 406 అని కూడా ఉంటుంది. రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం అది, మిల్లీమీటర్లలో. మండల కేంద్రంలో పిల్లల సైకిళ్లు అమ్మే ఏ షాపులోనైనా ఈ సైజు టైరు, ట్యూబు వేలాడుతూ ఉంటాయి. ఖరీదైన పెద్ద టూరింగ్ చక్రం టైరు అక్కడ దొరకదు. కానీ అదే 20 పక్కన భిన్నం రూపంలో 1 3/8 అని ఉంటే వ్యాసం 451, అది మనకి పట్టదు. పదహారు అంగుళాల్లోనూ ఇదే మెలిక: పిల్లల సైకిల్‌ది 305, బ్రాంప్టన్‌ది 349. టైరు ఎక్కదు. ట్యూబు సాగుతుంది కాబట్టి అవసరానికి ఈడ్చుకురావచ్చు. బ్రాంప్టన్‌తో దూరం పోయేవాళ్లు మడిచే టైరు ఒకటి సంచి అడుగున పెట్టుకోక తప్పదు. ఇక మిగిలింది రిమ్ములో వాల్వు బెజ్జం. సన్న వాల్వు కోసం వేసిన ఆరున్నర మిల్లీమీటర్ల బెజ్జంలో పల్లెటూరి షాపు ట్యూబు వాల్వు దూరదు. కొనేటప్పుడే వెడల్పు బెజ్జం రిమ్ము అడగండి, సన్న వాల్వు ట్యూబుకైతే చిన్న రబ్బరు తొడుగు వేస్తే సరిపోతుంది.